లిఫ్టు పక్కన తొమ్మిది కుండీలు

మా అన్నయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, ఆకులు గుర్తుంటాయి. నాలుగో అంతస్తులో కళ్ళజోడు పెట్టుకునే ఆవిడ అంటే ఎవరో తెలియదు. ఎవరి బల్ల మీద ఆర్కిడ్ ఆకుల అంచులు మాడిపోయాయో ఆవిడ అంటే మాత్రం, "ఆఁ, పొటాష్ ఆవిడ!" అంటాడు. ఆఫీసులో సగం మందికి అలాంటి పేర్లే పెట్టుకున్నాడు. పొటాష్ ఆవిడ, భాస్వరం బాబు, నీళ్ళెక్కువ సారు. వాళ్ళు తనకు పెట్టిన పేరు ఆకుల డాక్టరు. అందులో మర్యాద కంటే వెక్కిరింతే ఎక్కువ. అన్నయ్యకు అది వినబడేది కాదు, అదృష్టవంతుడు.

తన కథ చెప్పమని నన్నెవరూ అడగలేదు. తను చెప్పుకునే రకం కాదు. వదిన చెబితే పాపమంతా మేనేజరుదే అంటుంది. అది నిజం కాదు. అందుకని నేనే చెబుతున్నాను, చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేలా ఉన్నాను.

ఆఫీసులకు పూలకుండీలు అద్దెకిచ్చే కాంట్రాక్టరు దగ్గర అన్నయ్య పాతికేళ్ళు పనిచేశాడు. అద్దె అంటే, కుండీ వాళ్ళ హాల్లో ఉంటుంది, బాధ్యత మనది. పూసినంతకాలం అక్కడ ఉంటుంది. వాడిపోతే వ్యాను ఎక్కి నర్సరీకి తిరిగొస్తుంది, దాని చోటికి ఇంకోటి వెళుతుంది. మిగతా పనివాళ్ళంతా అలాగే చేసేవాళ్ళు. పసుపు ఆకు కనబడగానే కుండీ మార్చెయ్, నీ సొమ్మేం పోయింది? అన్నయ్య మార్చనిచ్చేవాడు కాదు. మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి భూతద్దం తీసి, ఆకు తిరగేసి మరీ చూసేవాడు. మొదటి పదేళ్ళు మోతలు తప్ప ఇంకేం తెలియని మనిషి. ఆ విద్య నేర్పింది నర్సరీలో ఒక ముసలాయన. "మందు పేరు తర్వాత ఎత్తుదువుగాని, ముందు ఏ ఆకు పాడైందో చెప్పు, కిందిదా పైదా?" అని మొట్టికాయలు వేసి నేర్పాడట.

నాకూ ఆ విద్య కొంచెం అంటించాలని చూశాడు అన్నయ్య. సాయంత్రాలు కిటికీలో వదిన పెంచే బిగోనియా ముందు కూర్చోబెట్టి పాఠం మొదలెట్టేవాడు.

"కింద ముసలాకు మొత్తం పసుపైతే నత్రజని తక్కువ. ముసలాకు అంచులు మాడితే పొటాష్. ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్యన పసుపైతే మెగ్నీషియం. అదే పసుపు పైన లేతాకులో కనబడిందనుకో, అప్పుడు ఇనుము."

"ఒకటే పసుపు కదా అన్నయ్యా. పైనయితే ఏంటి, కిందయితే ఏంటి?"

"అక్కడే ఉందే కిటుకంతా. కొన్నింటిని చెట్టు ముసలాకులోంచి లాగి లేతాకుకి పెట్టగలదు. ఇనుము అలా కదలదు, చేరినచోటే ఉండిపోతుంది. అందుకే ఇనుము కరువొస్తే లేతది ముందు ఏడుస్తుంది."

"అబ్బో, చెట్టుకి కూడా ఇన్ని రాజకీయాలా!" అని నేను లేచిపోయేదాన్ని. వెనకనుంచి, "కూర్చోవే, కాల్షియం ఇంకా చెప్పలేదు," అని అరిచేవాడు.

ఆఫీసులో ఐదో అంతస్తు పెద్ద సారు గదిలో ఒక పీస్ లిల్లీ ఉండేది. ఏనుగు చెవులంత ఆకులు, పువ్వు మాత్రం ఒక్కటీ లేదు. మార్చేయమని సారు పోరు. అన్నయ్య ఆకులు తడిమి, అల్మరా వైపు చూసి, "సార్, మీరు దీనికి విడిగా ఏమైనా పెడుతున్నారా?" అని అడిగాడు. సారు సిగ్గుపడుతూ అల్మరాలోంచి ఎరువు డబ్బా తీశాడు. పువ్వు రాలేదని బెంగపెట్టుకుని వారం వారం చెంచాలు చెంచాలు వేస్తున్నాడట. "నత్రజని ఎక్కువైంది సార్. ముద్దు ఎక్కువైన పిల్లాడు చదవనట్టు ఇదీ పూయదు. రెండు నెలలు దీన్ని పట్టించుకోకండి," అన్నాడు. పూసింది. ఆ సారు పై అంతస్తుల వాళ్ళనందర్నీ పిలిచి చూపించాడు, అన్నయ్య పేరు మాత్రం చెప్పలేదు. అన్నయ్యకు దానికీ కోపం రాలేదు. పూసింది కదా అన్నాడు.

నేను తన ఇంట్లో వచ్చి పడింది, నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక. మొగుడి సంగతి అడక్కండి, వాడి పేరెత్తితే నా నోరు కంపు కొడుతుంది. తెగతెంపులు చేసుకుని, ఒక సంచీ పట్టుకుని అన్నయ్య గుమ్మం ఎక్కాను. రెండు గదుల ఇల్లు. వదిన మంచిదే, కాదనను. ఒక్క మాట అనలేదు. కానీ నేను రెండోసారి వడ్డించుకుంటే ఆ గరిటె చప్పుడు ఆవిడకు ముందు గదిలోంచి కూడా వినబడేది. అది కనిపెట్టి అన్నయ్యే, తను కుండీలు చూసే ఏడంతస్తుల ఆఫీసులో మేనేజరు కాళ్ళావేళ్ళా పడి నాకు నేల తుడిచే పని ఇప్పించాడు.

కింద అంతస్తు హాలు నా వంతు. పొద్దున ఏడు కొట్టేసరికి నేల అద్దంలా ఉండాలి. మా సూపర్‌వైజరమ్మకు మేం పెట్టుకున్న పేరు గడియారం. చేతికి ఒకటి, మెడలో ఒకటి, ఆవిడ నోరు మూడోది. మురికి నీళ్ళు పారబోయాలంటే రెండు వరసల మెట్లు దిగి, సెల్లారు చివర ఉన్న తూము దాకా బకెట్టు మోయాలి. లిఫ్టులో బకెట్టు ఎక్కించకూడదు. చేతులు కడుక్కునే సింకులో పోయకూడదు. అలా పోసిందని నాకంటే ముందు పనిచేసిన ఆవిడను ఆ పూటే పంపించేశారు. నేను చేరిన రోజే గడియారం నాకు ఆ కథ రెండుసార్లు వినిపించింది.

అప్పటికే అన్నయ్య నడుం పోయింది. మట్టి నింపిన కుండీ పాతిక కేజీల పైమాటే, అన్నేళ్ళు మోస్తే నడుం మిగులుతుందా? పొద్దున లేవాలంటే ముందు పక్కకు దొర్లి, పళ్ళు బిగబట్టి, ఒక్కో కాలూ కింద పెట్టేవాడు. మోయలేనివాణ్ణి కాంట్రాక్టరు ఒక్క రోజు కూడా ఉంచుకోడు. ఆ సంగతి తెలుసు కనుక కాంట్రాక్టరు ఎదుట నిటారుగా నడిచేవాడు, ఇంటికొచ్చి నేల మీద వెల్లకిలా పడిపోయేవాడు. సరిగ్గా అప్పుడే మేనేజరు ఒక మాట అన్నాడు. కంపెనీ పెట్టి యాభై ఏళ్ళు నిండబోతున్నాయి, కింద హాలు నిండా ఎర్ర పూలుండాలని పెద్ద యజమాని కోరిక. మూడు నెలలు ఆ పూలు వాడకుండా కాపాడితే అన్నయ్యను కాంట్రాక్టరు దగ్గర్నుంచి తప్పించి ఆఫీసులోనే పర్మనెంటు చేస్తారు. మొక్కలు చూసుకోవడమే పని, మోతలు వేరేవాళ్ళు మోస్తారు.

"మోతలు వేరేవాళ్ళవట," అని ఆ సాయంత్రం వదినకు నాలుగుసార్లు చెప్పాడు. పర్మనెంటు అన్న మాట ఒక్కసారే చెప్పాడు. అంటే ఎంత నొప్పి మింగుతున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

నలభై ఆంథూరియం కుండీలు దిగాయి. ఎర్రగా, మైనం పూసినట్టు మెరిసే పూలు. వచ్చేపోయేవాళ్ళు ప్లాస్టిక్కేమోనని గోటితో గిల్లి చూసేవాళ్ళు. గిల్లినవాణ్ణి చూస్తే అన్నయ్యకు ఒళ్ళు మండేది. "మీ చెవి గిల్లి చూడమంటారా సార్, ప్లాస్టిక్కో కాదో?" అని ఒకరోజు ఒక టై కట్టుకున్నాయన్నే అడిగేశాడు. మొదట్లో అంతా బ్రహ్మాండంగా ఉంది. మేనేజరు దారిన పోతూ భుజం తట్టేవాడు.

ఇప్పుడు నా సంగతికి వస్తాను. లిఫ్టు పక్కన గోడ వెంబడి తొమ్మిది కుండీలుండేవి. నేను హాలు తుడవడం ముగించేది అక్కడే. ఒకరోజు ఏడు కావొస్తోంది, గడియారం అవతలి తలుపు దగ్గర నిలబడి చెయ్యి చూసుకుంటోంది. సెల్లారుకు వెళ్ళొచ్చే టైము లేదు. కుండీల్లో చూస్తే ఏసీ గాలికి మట్టి పైన పొడిపొడిగా ఉంది. పాపం దాహంగా ఉన్నట్టున్నాయి, అన్నయ్య పూలే కదా అనుకున్నాను. బకెట్టులో మిగిలిన నీళ్ళు మగ్గుతో తలా కాస్త పోసేశాను. సోడా కలిపిన సబ్బు నీళ్ళు. మట్టి గుటుక్కున తాగేసింది, మరక కూడా లేదు. మర్నాడూ పోశాను. ఆ మర్నాడూ పోశాను. అందులో కొంత ప్రేమ, కొంత బద్ధకం. నిజం చెప్పమంటే బద్ధకం పాలే ఎక్కువ.

మూడు వారాలకు ఆ తొమ్మిదింట్లో లేతాకులు పాలిపోయాయి. ఈనెలు పచ్చగా, మధ్యంతా పసుపు. నాకే తెలిసిపోయింది, ఇనుము! పాఠం ఒంటబట్టిందే అని మురిసిపోయాను కూడా, నా మొహం మండా. అన్నయ్య ఇనుము మందు కలిపి పోసి పది రోజులు చూశాడు. తగ్గలేదు.

అప్పుడు మొదలైంది తన అసలు వైద్యం. ఒక్కో కుండీలోంచి మట్టి తీసి, నీళ్ళలో కలిపి, రంగు కాగితం ముంచాడు. తొమ్మిదింట్లోనూ కాగితం నీలం తిరిగింది. మిగతా ముప్పై ఒక్కటింట్లో తిరగలేదు. అంటే ఆ తొమ్మిదింట్లోనే మట్టి చవుడెక్కింది. చవుడు మట్టిలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు, ఎదురుగా అన్నం పెట్టి నోరు కుట్టేసినట్టు. పైపు నీళ్ళు పరీక్షించాడు, అవి బాగానే ఉన్నాయి. పైగా అవే నీళ్ళు నలభైకీ పోస్తున్నాడు. కాబట్టి ఈ తొమ్మిదింట్లో ఎవరో ఏదో పోస్తున్నారు. అంతదూరం ఎవరి సాయమూ లేకుండా కాగితం ముక్కలతో వచ్చేశాడు మా అన్నయ్య. ఇంకొక్క అడుగు మిగిలింది, ఆ అడుగు నన్ను దాటాలి.

ఆ సాయంత్రం వదిన కూరగాయలు తరుగుతోంది, నేను ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను.

"చెల్లీ, లిఫ్టు పక్క కుండీల్లో ఎవరైనా ఏదైనా పోయడం చూశావా? సబ్బు నీళ్ళు గానీ, ఇంకేదైనా గానీ?"

"ఎందుకన్నయ్యా?" అన్నాను. మడత జారిపోయింది, మళ్ళీ మొదలెట్టాను.

"ఎవరో పోస్తున్నారే. మట్టి చవుడెక్కిపోయింది. మేనేజరుకి చెబితే, వాళ్ళ పేరు రాసివ్వు, ఆ రోజే ఇంటికి పంపిస్తానన్నాడు."

వదిన కత్తి ఆపింది. "హాలు తుడిచేది అమ్మాయే కదండీ," అంది. మామూలుగానే అంది. కానీ నా వైపు చూసింది.

"అందుకే కదా అడుగుతున్నాను. పొద్దున్నే అక్కడ ఉండేది ఇదే, ఎవరైనా దీని కంటబడి ఉంటారని," అన్నాడు అన్నయ్య.

చూశారా, నన్ను అనుమానించనేలేదు. సాక్ష్యం అడుగుతున్నాడంతే.

"నాకేం తెలుసు? నేనెవర్నీ చూడలేదు. నేనున్నంతసేపూ అక్కడ ఎవరూ ఏమీ పొయ్యరు. నీ మీద ఒట్టు అన్నయ్యా," అన్నాను.

"ఒట్లెందుకే, నువ్వు చెబితే చాలదూ!" అన్నాడు.

నేనే అన్నయ్యా, తెలియక పోశాను అని ఉంటే ఏమయ్యేది? ఆదివారం నర్సరీ నుంచి మట్టి తెప్పించి తొమ్మిదింటికీ మార్చేసేవాడు. మేనేజరుకు ఏదో సర్దిచెప్పేవాడు. నన్ను నాలుగు తిట్టేవాడు, అంతటితో సరి. ఉద్యోగం పోతుందని భయపడి అబద్ధమాడానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది కాదు. వదిన చూపు. ఆ చూపు ముందు, అవును ఆ తొమ్మిది కుండీలూ నేనే పాడుచేశాను, మీ ఇంట్లో తిని మీ కొంపకే నిప్పు పెట్టాను అని చెప్పలేకపోయాను.

కానీ తర్వాత తను చేసిన పని చూడండి, అక్కడే నాకు తన మీద కూడా కోపం వస్తుంది. ఆకు చెప్పింది, మట్టి చెప్పింది, కాగితం చెప్పింది. మూడు సాక్ష్యాలు ఒకవైపు, చెల్లెలు ఒకవైపు. చెల్లెలి మాట పట్టుకుని మూడింటినీ కాదన్నాడు. రంగు కాగితాలు పాతబడ్డాయేమో అన్నాడు. లిఫ్టు తలుపు తెరిచినప్పుడల్లా కొట్టే చల్లగాలికి వేళ్ళు మొద్దుబారి ఉంటాయన్నాడు. మందు చాలలేదేమో అన్నాడు. ఇనుము రెండింతలు చేశాడు. వారం తర్వాత మూడింతలు చేశాడు. అంత చదువు చదివిన మనిషి, నా ఒక్క ఒట్టుకు, గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోయాడు.

నేను ఆ తొమ్మిదింట్లో పోయడం మర్నాటి నుంచే మానేశాను. నాలుగు రోజులు బకెట్టు మోసుకుంటూ మెట్లు దిగాను. ఐదో రోజు గడియారం దారికాసి పట్టుకుంది. "రోజూ ఇరవై నిమిషాలు ఎక్కడికి మాయమవుతున్నావ్? ఇంకోసారి ఆలస్యమైందో, గేటు దగ్గరే ఆపేయిస్తా!" అంది. అప్పుడు నా బుర్రకు తట్టిన ఉపాయం ఏంటో తెలుసా? తొమ్మిదింట్లోనే పోయబట్టి ఎక్కువైంది, అవతలి వరసలో పదహారు కుండీలకు తలా గుక్కెడు పోస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. మహా తెలివి! కొన్నాళ్ళకు ఆ వరస కూడా పాలిపోయింది.

అదే అన్నయ్య కొంప ముంచింది. తొమ్మిదింటికే వస్తే చల్లగాలి అనుకోవచ్చు. అవతలి వరసకు పాకితే రోగం అంటారు, లేదా వైద్యుడి తప్పంటారు. మొదటి తొమ్మిదీ మందు ఎక్కువై అంచుల నుంచి నల్లగా మాడాయి, పూలు కాడల మీదే తలలు వేలాడేశాయి. అన్నయ్యకు తిండి సయించేది కాదు. ఆదివారాలు కూడా వెళ్ళి వాటి ముందు కూర్చునేవాడు. నేను పక్కనుంచి చూస్తూ, ఇవాళ చెబుతాను, రేపు చెబుతాను అనుకునేదాన్ని. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కింది. మొదటి రోజు చెబితే తెలియక చేసిన తప్పు. నెల పోయాక చెబితే ద్రోహం. అలా లెక్కలేసుకుంటూ నోరు కుట్టేసుకున్నాను.

పెద్ద యజమాని రావడానికి పన్నెండు రోజులుందనగా మేనేజరు హాల్లోకి వచ్చి నిలబడ్డాడు. కాంట్రాక్టరును కూడా పిలిపించాడు. చుట్టూ పదిమంది మూగారు. నేను గుడ్డ పట్టుకుని అద్దం తలుపు తుడుస్తున్నాను. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాను.

"ఏమయ్యా డాక్టరూ, ఏంటీ ఘోరం?" అన్నాడు మేనేజరు.

"ఇనుము లోపం సార్."

"అది నెల్నాళ్ళుగా చెబుతున్నావ్. ఎందుకు తగ్గట్లేదు?"

అన్నయ్య ఆకు పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "నాకు అర్థం కావట్లేదు సార్," అన్నాడు. తన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

"ఎవరో ఏదో పోస్తున్నారన్నావ్ కదా?"

"లేదు సార్. విచారించాను. ఎవరూ ఏమీ పొయ్యట్లేదు," అన్నాడు. అంత గట్టిగా చెప్పాడు, నా వైపు చూడను కూడా లేదు.

కాంట్రాక్టరు జేబులోంచి ఫోను తీసి ఒక ఆకు ఫొటో తీశాడు. మూడు సెకన్లు కూడా పట్టలేదు. "ఐరన్ లోపమట సార్, ఫోనే చెప్పేస్తోంది," అని చూపించాడు. మేనేజరు పడీపడీ నవ్వాడు. "దీనికా నీ పాతికేళ్ళ అనుభవం? ఈ మాత్రం దానికి మనిషిని పర్మనెంటు చెయ్యాలా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పొటాష్ ఆవిడ కూడా నవ్వింది. ఏం లోపమో ఫోను చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ఎందుకో మొదటి నెలలోనే కనిపెట్టిన మనిషి తల వంచుకుని నిలబడ్డాడు. నేను తేలు కుట్టిన దొంగలా అద్దం తుడుస్తున్నాను.

నలభై కుండీలూ వ్యాను ఎక్కాయి, కొత్తవి దిగాయి. పెద్ద యజమాని వచ్చి ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు. అన్నయ్యను కాంట్రాక్టరు మళ్ళీ మోతలకు వేశాడు. పదకొండో రోజు వ్యాను దగ్గర కుండీ ఎత్తుతూ ఎత్తుతూ కూలబడ్డాడు. ఇద్దరు చెరోవైపూ పట్టుకుని ఇంటికి తెచ్చి పడుకోబెట్టారు. ఇక పనికి వెళ్ళలేదు, కాంట్రాక్టరు కబురూ పెట్టలేదు.

ఇల్లు నా జీతం మీద పడింది. అప్పట్నుంచి వదిన నా కంచంలో తనే రెండోసారి వడ్డించేది. "నువ్వే లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళం అమ్మాయ్," అనేది. పుండు మీద కారం చల్లినా అంత మంట ఉండదు. పక్కింటివాళ్ళకు కూడా చెప్పేది, చెల్లెలంటే ఇలా ఉండాలి అని. నేను మంచినీళ్ళు తాగి ముద్ద దించేదాన్ని.

ఏడాది గడిచింది. ఒక సాయంత్రం ఎదురింటి టీచరమ్మ ఆఫ్రికన్ వయొలెట్ కుండీ పట్టుకుని వచ్చింది. కింది ఆకులన్నీ పసుపు. గుమ్మం దగ్గర్నుంచే నేను గుర్తుపట్టాను, నత్రజని. అన్నయ్య చేతిలోకి కూడా తీసుకోలేదు.

"నాకు తెలియదమ్మా. ఎవరైనా తెలిసినవాళ్ళని అడగండి."

"అదేంటండీ! మిమ్మల్ని ఆకుల డాక్టరంటారు కదా?"

"ఊరికే అనేవాళ్ళమ్మా. ఏదో ఊహించి చెప్పేవాణ్ణి, కొన్ని తగిలేవి. నిజానికి నాకేమీ రాదు."

ఆవిడను వదిలించుకోవడానికి అలా అన్నాడనుకుంటే నా ప్రాణం కాస్త కుదుటపడేది. కాదు, నిజంగానే నమ్మి అన్నాడు. నౌకరీ పోయింది, నడుం పోయింది, అవి పోయినా మనిషి బతుకుతాడు. నాకేమీ రాదు అనుకుంటూ ఎలా బతుకుతాడు? వదిన కొట్టుకు వెళ్ళేదాకా ఆగి, ఎదురుగా కూర్చున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, అయినా పట్టుకున్నాను.

"అన్నయ్యా, నేనే పోశాను."

"ఏంటే?"

"లిఫ్టు పక్క కుండీల్లో. నేల తుడిచిన నీళ్ళు. నేనే."

తిడతాడనుకున్నాను. చెంప పగలగొడతాడనుకున్నాను. అలా జరిగితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఏ సబ్బు?" అని అడిగాడు.

"సోడా కలిపింది."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు అడిగేదాకా. నెల రోజులు."

"మరి అవతలి వరస?"

"అదీ నేనే. నువ్వడిగిన తర్వాత."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. నా కళ్ళతో చూసింది చెబుతున్నాను, వెలిగిపోయింది. "అయితే కాగితం కరెక్టే!" అన్నాడు. "చవుడే! నేను మొదట అన్నదే! చవుడెక్కిన మట్టిలో ఎన్ని ఇంతలు పోస్తే మాత్రం తగ్గుతుందా? నేను తప్పు చదవలేదే! సరిగ్గానే చదివాను చెల్లీ!" నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నడుం సంగతి మరిచిపోయి లేచి నిలబడ్డాడు. ఏడాది తర్వాత నవ్వాడు. నేనూ పిచ్చిదానిలా నవ్వాను, ఏడుస్తూనే.

తర్వాత ఆ నవ్వు మెల్లగా ఆగింది. నా చెయ్యి ఇంకా తన చేతిలోనే ఉంది. దాన్ని చూశాడు. లాగి విసిరేయలేదు, జాగ్రత్తగా వదిలేశాడు.

"ఒట్టు కూడా వేశావు కదే," అన్నాడు.

అంతే. వదినకు ఈ రోజుకీ తనూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఎదురింటికి వెళ్ళి, టీచరమ్మ కుండీ అడిగి తీసుకుని, నత్రజని అని చెప్పి వచ్చాడు. ఇప్పుడు వీధిలో వాళ్ళంతా కుండీలు పట్టుకొస్తారు. ఆకు తిరగేస్తాడు, వాళ్ళను గుచ్చి గుచ్చి అడుగుతాడు, నవ్విస్తాడు. విద్య తిరిగొచ్చింది, అది చాలు నాకు. నన్ను తిట్టలేదు, దెప్పలేదు, మాట్లాడటం మానలేదు. చెల్లీ అనే పిలుస్తాడు.

నిన్న భోజనాలయ్యాక గిన్నెలు సర్ది వచ్చి, "గ్యాసు కట్టేశాను అన్నయ్యా," అన్నాను.

"సరే చెల్లీ," అన్నాడు. గోడ పట్టుకుని, ఒక్కో కాలూ కూడదీసుకుని లేచాడు. వంటింటి వైపు నడిచాడు.

"కట్టేశానని చెప్పింది కదండీ! ఆ నడుంతో మళ్ళీ మీరెందుకు లేవడం?" అంది వదిన.

"చూసొస్తే పోయేదేముందే," అన్నాడు.

రోజూ ఇంతే. తలుపు గడియ పెట్టానన్నా, కుళాయి కట్టేశానన్నా, సరే అంటాడు, లేచి వెళ్ళి చూసి వస్తాడు. వయసు పైబడి చాదస్తం వచ్చిందని వదిన విసుక్కుంటుంది. నిన్న కూడా సిలిండరు దగ్గర మీట తిప్పి చూసిన చప్పుడు వినబడింది. కట్టేసే ఉంది.